పచ్చచుక్క ఎవరి మాట?

నేను చూసుకునే క్లస్టర్‌లో, అంటే కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపులో, 24 నోడ్‌లు (యంత్రాలు) ఉన్నాయి. ర్యాక్‌కు పన్నెండు చొప్పున రెండు ర్యాక్‌లు, ఒక్కో ర్యాక్‌కు దాని యంత్రాలను కలిపే ఒక స్విచ్, ఆ రెండింటినీ కలుపుతూ మధ్యలో మరో స్విచ్. వాటి స్థితి చూసుకోవడానికి నేనే రాసుకున్న ఒక పేజీ ఉండేది. అందులో నోడ్ పేరు, దాని పక్కన ఒక చుక్క, అంతే. ప్రతి నోడ్ 5 సెకన్లకొకసారి ‘ఉన్నాను’ అని ఒక చిన్న ప్యాకెట్ పంపుతుంది; దీన్నే హార్ట్‌బీట్ అంటారు. వరుసగా మూడు ప్యాకెట్లు రాకపోతే పచ్చచుక్క ఎర్రబడుతుంది. ఏడాదికి పైగా ఆ పేజీ నన్ను ఒక్కసారి కూడా తప్పుదారి పట్టించలేదు. పట్టించినా నాకు తెలియలేదు అనడం బహుశా మరింత సరైన మాట.

మధ్యనున్న స్విచ్ పాడైపోయి, దాని స్థానంలో కొత్తది పెట్టిన మర్నాడు విచిత్రం మొదలైంది. చిన్న జాబ్‌లు (నోడ్‌ల మీద నడిచే గణనలు) సాఫీగా నడుస్తున్నాయి. పెద్ద జాబ్‌లు మాత్రం మొదలవుతాయి, పదిహేను నిమిషాలకు పైగా కదలక మెదలక కూర్చుంటాయి, ఆ తర్వాత కనెక్షన్ గడువు తీరిందన్న ఒక్క వాక్యం లాగ్‌లో వదిలి ఆగిపోతాయి. పేజీ తెరిస్తే 24 చుక్కలూ పచ్చగా మెరుస్తున్నాయి. నా యంత్రం నుంచి ఏ నోడ్‌లోకి లాగిన్ అయినా వెంటనే తలుపు తీస్తోంది. ఏ నోడ్ నుంచి ఏ నోడ్‌కు పింగ్ చేసినా, అంటే ‘ఉన్నావా’ అని చిన్న ప్యాకెట్‌తో అడిగినా, మిల్లీసెకను తిరక్కుండా జవాబు వస్తోంది. నెట్‌వర్క్ బాగుంది కనుక లోపం ప్రోగ్రామ్‌లోనే ఉండాలని నిర్ణయించుకుని, నాలుగు నెలలుగా ఎవరూ ముట్టుకోని కోడ్‌ను అనుమానిస్తూ ఆ రోజులో ఎక్కువ భాగం వృథా చేశాను.

అసలు కారణం చాలా మామూలుది. ఆ నోడ్‌లన్నీ జంబో ఫ్రేమ్‌లతో, అంటే 9000 బైట్ల ఎంటీయూతో (ఒక ఫ్రేమ్‌లో పట్టే గరిష్ఠ డేటా) నడుస్తాయి. కొత్త స్విచ్ 1500 బైట్ల సాధారణ అమరికతోనే వచ్చింది. అంతకంటే పెద్ద ఫ్రేమ్ ఎదురైతే మాట్లాడకుండా పారేస్తుంది. రూటర్ అయితే ‘ఇది పట్టదు, చిన్నది చేసి పంపు’ అని పంపినవారికి కబురు పెట్టవచ్చు గానీ నెట్‌వర్క్ రెండో పొరలో, అంటే ఐపీ కంటే కింది స్థాయిలో, పనిచేసే స్విచ్‌కు ఆ అలవాటు లేదు. హార్ట్‌బీట్ ప్యాకెట్ వంద బైట్లు కూడా ఉండదు కనుక దాటిపోతుంది. టీసీపీ కనెక్షన్‌ను మొదలుపెట్టే పలకరింపులోనివీ (హ్యాండ్‌షేక్) చిన్న ప్యాకెట్లే కనుక కనెక్షన్ కూడా చక్కగా ఏర్పడుతుంది. ఆ తర్వాత రెండు కొసలూ పెద్ద ముక్కలు పంపుకోవచ్చని ముందే ఒప్పుకున్నాయి కనుక, మొదటి పెద్ద డేటా ముక్క నిండు ఫ్రేమ్‌గా బయలుదేరి మధ్యలో మాయమవుతుంది; మళ్ళీ పంపితే మళ్ళీ మాయమవుతుంది. ఒకే ర్యాక్‌లో ఇమిడిపోయే చిన్న జాబ్‌లకు మధ్య స్విచ్‌తో పని లేదు కనుక వాటికి ఏమీ కాలేదు. నా యంత్రం ఎంటీయూ 1500 మాత్రమే కావడం వల్ల, దానితో మాట్లాడేటప్పుడు నోడ్‌లు కూడా చిన్న ముక్కలకే ఒప్పుకునేవి; అందుకే నా లాగిన్‌కు ఎక్కడా అడ్డు తగలలేదు. చివరికి ముక్కలు చేయవద్దన్న నియమంతో 8972 బైట్ల పింగ్ పంపి చూశాను. ఐపీ శీర్షిక 20 బైట్లు, ఐసీఎంపీ శీర్షిక 8 బైట్లు కలిపితే సరిగ్గా 9000 అవుతుంది. ర్యాక్ లోపల జవాబు వచ్చింది, ర్యాక్ దాటితే రాలేదు. ఆ తర్వాత స్విచ్ అమరిక మార్చడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ రోజు నా పేజీ అబద్ధమేమీ ఆడలేదన్నది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం. ‘గత 15 సెకన్లలో ఈ నోడ్ నుంచి ఒక చిన్న ప్యాకెట్, ఫలానా దారిలో, పర్యవేక్షించే యంత్రానికి చేరింది’ అని మాత్రమే అది చెప్పింది. ‘ఈ నోడ్ క్షేమం’ అని చదువుకున్నది నేను. చూసేదెవరు, చూడబడేదెవరు, ఏ దారిలో, ఏ పరిమాణంతో, ఎప్పుడు అన్న వివరాలన్నీ ఒక్క రంగుచుక్కలో కరిగిపోయి, ఒక యంత్రం ఇంకో యంత్రం గురించి చెప్పిన సాక్ష్యం కాస్తా ఆ యంత్రపు సహజ గుణంగా కనిపించసాగింది. పర్యవేక్షక యంత్రానికి నోడ్ కనిపించడం వేరు, ఒక నోడ్ ఇంకో నోడ్‌కు కనిపించడం వేరు. జాబ్‌లు నడిచేది రెండోదాని మీదనే. నేను కొలుస్తున్నది మొదటిదాన్ని.

అందుచేత నోడ్‌ల జాబితా తీసేసి దాని స్థానంలో ఒక పట్టిక పెట్టాను. అడ్డవరుసలో చూసే నోడ్, నిలువువరుసలో చూడబడే నోడ్. తనను తాను చూసుకునే గళ్ళు వదిలేస్తే 24 × 23, అంటే 552 గళ్ళు. అరనిమిషానికొకసారి ప్రతి నోడ్ మిగిలిన వాటన్నిటికీ ఒక చిన్న ప్యాకెట్, ఒక నిండు పరిమాణపు ప్యాకెట్ పంపి, జాబ్‌లు నిజంగా వాడే పోర్ట్‌కు (యంత్రంలో ఒక సేవ వినే ద్వారపు సంఖ్య) ఒక టీసీపీ కనెక్షన్ తెరిచి మూసి, మూడింటి ఫలితాన్నీ అవి తీసుకున్న సమయాన్నీ రాసి పెడుతుంది. స్విచ్ ఉదంతం నాటికే ఈ పట్టిక ఉండి ఉంటే అందులో 264 గళ్ళు పచ్చగా, 288 గళ్ళు ఎర్రగా ఉండేవి. ఒక మూల నుంచి ఎదురు మూలకు రెండు పచ్చని చతురస్రాలు, మిగిలిన రెండు మూలల్లో రెండు ఎర్రని చతురస్రాలు. అది చూశాక కోడ్‌ను అనుమానించాలని ఎవరికీ తోచదు.

పట్టికకు అలవాటుపడిన కళ్ళు అంకెలు చదవవు, ఆకారాలు చదువుతాయి. ఒక అడ్డవరుస, దానికి చెందిన నిలువువరుస రెండూ ఎర్రబడితే లోపం ఆ నోడ్‌లోనో, దాని కేబుల్‌లోనో ఉన్నట్టు. నిలువువరుస మాత్రమే ఎర్రబడితే ఆ నోడ్ అందరినీ చేరగలుగుతోంది గానీ దాన్ని ఎవరూ చేరలేకపోతున్నారు. తొంభై పాళ్ళు ఫైర్‌వాల్ (రాకపోకలను వడపోసే కాపలా) నియమమో, వినవలసిన సేవ ఆగిపోవడమో కారణమై ఉంటుంది. అన్నిటికంటే తికమక పెట్టే ఆకారం చదరంగపు గళ్ళది. కొన్ని జంటలు ఎప్పుడూ పనిచేస్తాయి, కొన్ని జంటలు ఎప్పుడూ పనిచేయవు, వాటి మధ్య పొంతన కనిపించదు. రెండు స్విచ్‌ల మధ్య రెండు కేబుళ్ళను కట్టగట్టి ఒకే లింక్‌గా వాడేటప్పుడు, ఏ జంట సంభాషణ ఏ కేబుల్‌లో వెళ్ళాలో చిరునామాల హ్యాష్ (వాటి నుంచి లెక్కగట్టిన ఒక అంకె) నిర్ణయిస్తుంది. అందులో ఒక కేబుల్ లింక్ దీపం వెలుగుతూనే డేటాను మింగేస్తుంటే, దాని వాటాకు వచ్చిన జంటలు మాత్రమే బాధపడతాయి. నోడ్‌ను ప్రమాణంగా తీసుకునే ఏ డాష్‌బోర్డ్‌లోనూ ఇది దొరకదు. ఎందుకంటే ఏ నోడ్‌లోనూ లోపం లేదు.

ఈ తేడాను బాగా గుర్తించిన సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. డేటాను అనేక నోడ్‌లలో పంచి దాచే రెడిస్ క్లస్టర్‌లో ఒక నోడ్ ఇంకో నోడ్‌ను చేరలేకపోతే వెంటనే అది పోయిందని ప్రకటించదు. ‘నాకు అందడం లేదు’ అని తన లెక్కలో మాత్రమే గుర్తు వేసుకుంటుంది. మాస్టర్ నోడ్‌లలో (డేటా అసలు ప్రతిని చూసుకునేవి) సగానికి మించినవి అదే మాట చెప్పినప్పుడే అది క్లస్టర్ మొత్తానికి నిజమవుతుంది. సొంత అనుమానానికీ సభ తీర్మానానికీ వేర్వేరు పేర్లు ఉండడం నాకెంతో నచ్చిన విషయం. ఆ సాఫ్ట్‌వేర్‌లోనే కొత్తవారిని ఏడిపించే ఒక చిక్కు కూడా ఉంది. క్లయింట్లు వాడే పోర్ట్ 6379 అయితే, నోడ్‌లు తమలో తాము మాట్లాడుకునే పోర్ట్ మామూలుగా దానికి 10000 కలిపితే వచ్చే 16379. ఫైర్‌వాల్‌లో మొదటిదాన్ని తెరిచి రెండోదాన్ని మరిచిపోతే ప్రతి నోడ్ విడివిడిగా చక్కగా జవాబిస్తుంది, క్లస్టర్ మాత్రం ఏర్పడదు.

ఇక ఎంతసేపు ఎదురుచూడాలన్నది ఎడతెగని ప్రశ్న. మౌనం అర్ధాంగీకారమన్న మాట సభల్లో చెల్లుతుంది గానీ ఇక్కడ మౌనానికి ఏ అర్థమైనా ఉండవచ్చు: నోడ్ పడిపోయిందో, దారి తెగిందో, పని ఒత్తిడిలో జవాబు ఆలస్యమైందో బయటినుంచి చూసేవారికి తేడా తెలియదు. సందేశాలు ఎంతైనా ఆలస్యం కాగల వ్యవస్థలో ఒక్క ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) ఆగిపోయే అవకాశం ఉన్నా సరే, మిగిలినవి తప్పక ఏకాభిప్రాయానికి వస్తాయని హామీ ఇవ్వగల పద్ధతి ఉండదని ఫిషర్, లించ్, ప్యాటర్సన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తలు 1985లోనే నిరూపించారు. కనుక ప్రతి టైమౌట్ (ఎదురుచూపుకు పెట్టే గడువు) ఒక పందెమే. ప్రోగ్రామ్‌లను నోడ్‌లకు పంచి నడిపే కుబర్నెటీస్‌లో ప్రతి నోడ్ మామూలుగా 10 సెకన్లకొకసారి తన లీజును (తాను ఉన్నానన్న నమోదును) పునరుద్ధరిస్తుంది. చాలా వెర్షన్లలో 40 సెకన్ల మౌనం తర్వాత దాని సిద్ధస్థితి ‘తెలియదు’గా మారుతుంది, అక్కడి పాడ్‌లను (నడుస్తున్న ప్రోగ్రామ్‌ల కట్టలను) ఖాళీ చేయించడానికి మరో 300 సెకన్లు ఆగుతుంది. జాబ్‌లను నోడ్‌లకు కేటాయించే స్లర్మ్ మామూలు అమరికలో 300 సెకన్లు ఓపిక పడుతుంది. ఈలోగా జవాబివ్వని నోడ్ స్థితి పక్కన ఒక నక్షత్రం గుర్తు పెడుతుంది. రెడిస్ క్లస్టర్‌కు 15 సెకన్లు చాలు. ఈ అంకెల్లో ఏది సరైనదని అడగడం కంటే, పొరపాటున బతికున్నదాన్ని చచ్చిందనుకుంటే ఎంత నష్టం, చచ్చినదాన్ని బతికుందనుకుంటే ఎంత నష్టం అని అడగడం మేలు. రెండు రోజులుగా నడుస్తున్న గణనను 15 సెకన్ల మౌనానికి చంపేస్తే దాన్ని రాసుకున్నవారు మనల్ని క్షమించరు.

గడువును రాతిమీద గీతలా గీయకుండా, అనుమానాన్ని ఒక అంకెగా చెప్పే పద్ధతి 2004లో వచ్చింది. ఫై అక్రూవల్ అనే ఆ పద్ధతి ఇంతకుముందు హార్ట్‌బీట్‌లు ఏ వ్యవధుల్లో వచ్చాయో గుర్తుపెట్టుకుని, ఇప్పటి ఆలస్యం ఎంత అసాధారణమో లాగరిథమ్ కొలతలో చెబుతుంది. ఫై విలువ 1 అయితే పోయిందనుకోవడం పొరపాటయ్యే అవకాశం పదోవంతు, 2 అయితే నూరోవంతు, అలా పెరుగుతూ పోతుంది. కసాండ్రా అనే డేటాబేస్ మామూలుగా 8 దగ్గర గీత గీస్తుంది. నా పేజీలో ఇంత శాస్త్రం లేదు. చివరి ప్యాకెట్ వచ్చి ఎన్ని సెకన్లయిందో గడిలోనే అంకెగా చూపిస్తాను, మిగిలిన అనుమానం నేను పడతాను.

నోడ్‌ల స్థితి ఇలా ఉంటే, వాటి మధ్య కనెక్షన్ల స్థితి మరో లోకం. లినక్స్‌లో ఎస్‌ఎస్ అనే ఆదేశం ప్రతి టీసీపీ కనెక్షన్‌నూ దాని దశతో సహా చూపిస్తుంది. ‘ఎస్టాబ్లిష్డ్’ అన్న మాట చూడగానే అవతలివాడు ఉన్నాడని నమ్మేస్తాం. కానీ అది మన కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కీలక భాగం) జ్ఞాపకం మాత్రమే. అవతలి యంత్రానికి హఠాత్తుగా కరెంటు పోతే సెలవు చెప్పే ప్యాకెట్ ఏదీ రాదు, మన వైపు కనెక్షన్ అలాగే నిలిచి ఉంటుంది. మనం ఏమీ పంపకుండా వినడానికి మాత్రమే కూర్చుంటే ఎన్ని రోజులైనా అలాగే కూర్చుంటాం. మౌనంగా ఉన్న కనెక్షన్‌ను తట్టి చూసే కీప్‌అలైవ్ ఉంది కదా అంటారు; అప్లికేషన్ కోరితే తప్ప అది పనిచేయదు, కోరినా మామూలు అమరికలో 7200 సెకన్ల మౌనం తర్వాత మొదలై, 75 సెకన్ల ఎడంతో 9 సార్లు తట్టి చూసి అప్పుడు ఆశ వదులుకుంటుంది. మొత్తం 2 గంటల 11 నిమిషాల 15 సెకన్లు. మనం ఏదైనా పంపి ఉంటే కథ వేరు. జవాబు రాని డేటాను లినక్స్ మామూలుగా 15 సార్లు, ప్రతిసారీ వ్యవధి పెంచుకుంటూ మళ్ళీ పంపుతుంది, కనీసం 925 సెకన్ల వరకు చెవిటివాడి ముందు శంఖం ఊదుతూనే ఉంటుంది. మా పెద్ద జాబ్‌లు పదిహేను నిమిషాలు దాటాక చచ్చిపోవడం వెనక ఉన్న రహస్యం ఇదే. ఆ అంకె నాకు ముందే గుర్తుకు వచ్చి ఉంటే, ‘పదిహేను నిమిషాలు’ అన్న మాట వినగానే పెద్ద ప్యాకెట్ల సంగతి తోచేదేమో.

కనుక నేనిప్పుడు కనెక్షన్ల సంఖ్యను మాత్రమే కాక, పంపే వరుసలో ఇంకా జవాబు అందని బైట్లు ఎన్ని నిలిచిపోయాయో, తిరిగి పంపిన ముక్కలెన్నో కూడా సేకరిస్తున్నాను. ఆరోగ్యంగా ఉన్న కనెక్షన్‌లో ఆ వరుస నిండుతూ ఖాళీ అవుతూ ఉంటుంది. నిండి కదలకుండా ఉంటే అవతల ఏదో అయినట్టే. దశలవారీ లెక్క కూడా బాగా మాట్లాడుతుంది. ‘క్లోజ్‌వెయిట్’లో ఉన్నవి రోజురోజుకూ పెరుగుతుంటే అది నెట్‌వర్క్ తప్పు కాదు. అవతలివారు సెలవు చెప్పినా మన ప్రోగ్రామ్ తలుపు మూయడం మరిచిపోయింది, దానికి కెర్నల్ విధించే గడువంటూ లేదు, ప్రాసెస్ బతికున్నంతకాలం అవి పేరుకుంటూనే ఉంటాయి. ‘టైమ్‌వెయిట్’లో ఉన్నవి వేలల్లో కనిపిస్తే గాబరా పడనక్కర్లేదు, ముందుగా మూసిన వైపు 60 సెకన్ల పాటు ఉండి వాటంతటవే పోతాయి. అయితే ఒకే గమ్యానికి, ఒకే పోర్ట్‌కు క్షణక్షణం కొత్త కనెక్షన్ తెరిచే ప్రోగ్రామ్‌కు మాత్రం ఇది ఇబ్బందే. మామూలుగా వాడుకకు దొరికే పోర్ట్‌లు 32768 నుంచి 60999 దాకా 28232 మాత్రమే కనుక, ఒక్కోటీ నిమిషం పాటు చిక్కుకుంటే సెకనుకు సుమారు 470 కనెక్షన్ల దగ్గర గోడ తగులుతుంది. ఫైర్‌వాల్ నడిచే నోడ్‌లలో కనెక్షన్ ట్రాకింగ్ పట్టికనూ చూడాలి. స్థిరపడిన కనెక్షన్ ఒక్కోదాన్ని అది మామూలుగా 432000 సెకన్లు, అంటే 5 రోజులు గుర్తుపెట్టుకుంటుంది. పట్టిక నిండితే పాత కనెక్షన్లు హాయిగా నడుస్తూ కొత్తవి మాత్రమే రాలిపోతాయి. ముందే తెరిచి ఉంచిన కనెక్షన్ మీద హార్ట్‌బీట్ పంపే పర్యవేక్షణకు ఈ జబ్బు ఎన్నటికీ కనిపించదు. నా పట్టిక ప్రతిసారీ కొత్త కనెక్షన్ తెరవడానికి కారణం ఇదే.

అందరూ అందరినీ తట్టి చూడడం 24 నోడ్‌లకు చెల్లింది. 1000 నోడ్‌లయితే గళ్ళు 999000 అవుతాయి, పర్యవేక్షణే ఒక పని అవుతుంది. 2002 నాటి స్విమ్ పద్ధతి దీనికి చక్కని దారి చూపింది. ప్రతి నోడ్ ఒక్కో విడతలో ఎవరో ఒకరినే తట్టి చూస్తుంది. జవాబు రాకపోతే తీర్పు చెప్పకుండా మరికొందరిని ‘మీరు ఒకసారి తట్టి చూడండి’ అని అడుగుతుంది. తన దారి చెడిందా, అవతలి నోడ్ చెడిందా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

సమాచారం నోడ్ పంపాలా, మనం అడిగి తెచ్చుకోవాలా అన్న వాదన పాతదే, నాకు దాని మీద పెద్ద పట్టింపు లేదు. గాంగ్లియా అనే పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్‌లో నోడ్‌లే తమ సంగతులు 8649 పోర్ట్‌లో చాటుకునేవి. పాత ఫోన్ మీటల మీద యునిక్స్ అన్న అక్షరాలు ఆ అంకెలే. 2012లో మొదలైన ప్రొమీథియస్ అనే పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ అడిగి తెచ్చుకుంటుంది. అడగందే అమ్మైనా పెట్టదన్న సామెతను నమ్మినవారి పద్ధతి అది. అడగడంలో ఒక లాభం ఉంది: అడిగినా రాలేదన్న సంగతి కూడా ఒక రాత అవుతుంది, ‘అప్’ అన్న కొలత సున్నా అవుతుంది. కానీ ఆ సున్నా కూడా నోడ్ పోయిందని చెప్పదు. కొలతలు అందించే చిన్న ప్రోగ్రామ్ ఆగిపోయినా అదే సున్నా వస్తుంది.

నా పాత పేజీలో ఇంకో దోషం ఉండేది, అది చాలా ఆలస్యంగా గమనించాను. అది పరిశీలనను కాక రంగును దాచుకునేది. ఒకసారి పచ్చ అని రాసుకున్నాక, ఎర్ర అని మార్చి రాసేవారు లేకపోతే పచ్చగానే ఉండిపోయేది. ఇప్పుడు పేజీ సమయాలను మాత్రమే దాచుకుంటుంది. రంగు చూసేటప్పుడు లెక్కగట్టబడుతుంది. దానితో మూడో రంగు అవసరమైంది. తాజా పరిశీలన లేని గడి పచ్చ కాదు, ఎరుపూ కాదు. దానికి బూడిదరంగు పెట్టాను. దీనికోసం నోడ్‌ల గడియారాలన్నీ ఒకే సమయం చూపాలి కనుక గడియారాలను సరిచేసే ఎన్‌టీపీ చూపే తేడాను కూడా ఒక వరుసగా చేర్చవలసి వచ్చింది.

గత నెలలో ఒక ఉదయం పేజీ తెరిస్తే 552 గళ్ళూ బూడిదరంగులో ఉన్నాయి. గుండె గుభేలుమంది. నోడ్‌లలోకి వెళ్ళి చూస్తే జాబ్‌లన్నీ నిశ్చింతగా నడుస్తున్నాయి. పేజీ నడిచే యంత్రంలో లాగ్ ఫైళ్ళతో డిస్క్ నిండిపోయి, అర్ధరాత్రి నుంచి కొత్త పరిశీలన ఒక్కటీ రాసుకోలేకపోయింది. పాత పేజీ అయితే ఆ ఉదయం కూడా 24 పచ్చచుక్కలతో నాకు శుభోదయం చెప్పి ఉండేది.